తూటాకు లెక్క చెప్పని హీరో

తెలుగు సినిమాల్లో కులం గురించి మనవాళ్ళు చాలా రాశారు. హీరో ఇంటిపేరు, హీరోయిన్ ఒంటిరంగు, విలన్ యాస, కమెడియన్ వృత్తి, అన్నిటినీ విప్పి చూపించారు. హీరో చేతిలో ఉండే తుపాకీ గురించి మాత్రం తక్కువే మాట్లాడుకున్నాం. పోలీసు కామెడీ సినిమాల్లో తుపాకీనైతే దాదాపు వదిలేశాం. నవ్వించే సినిమాలో తుపాకీ బొమ్మే కదా అనుకుంటాం. నిజమే, అది బొమ్మ. మంట గ్రాఫిక్స్‌లో పెడతారు, చప్పుడు తర్వాత కలుపుతారు. కానీ ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి వైపు తిరుగుతుంది, పేలాక ఎవరు ఎవరిని ఏమడుగుతారు అన్నవి బొమ్మ ప్రశ్నలు కావు.

ఈ మాట నేను అండమాన్ వైపు నుంచి చెప్పదలచుకున్నాను. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ కాగితాల్లో శ్రీవిజయపురం. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలికి, చిన్న చిన్న ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఇళ్ళకు తెలుగును మోసుకొచ్చేవి రెండు: విశాఖ నుంచి వచ్చే ఓడ, టీవీలో వచ్చే సినిమా. ఓడ ఎప్పుడో గానీ రాదు. సినిమా రోజూ వస్తుంది. అందులో పోలీసు హీరో సినిమా అయితే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆ సినిమాల వరస ఒకసారి గుర్తు చేసుకుందాం. 2006లో ‘విక్రమార్కుడు’, 2011లో ‘దూకుడు’, 2012లో ‘గబ్బర్ సింగ్’, 2014లో ‘ఆగడు’, 2015 జనవరిలో ‘పటాస్’, ఫిబ్రవరిలో ‘టెంపర్’. పాళ్ళలో తేడాలున్నా అన్నిటిలోనూ ఫైటింగూ కామెడీ కలిసే ఉంటాయి. ‘గబ్బర్ సింగ్’లో పోలీసు హీరో తనకు తాను ‘షోలే’ సినిమాలోని బందిపోటు పేరు పెట్టుకుంటాడు. చట్టాన్ని కాపాడాల్సినవాడు దోపిడీదారు పేరుతో తిరగడమే అక్కడ జోకు. ‘ఆగడు’లో సీఐ పేరు ఎన్‌కౌంటర్ శంకర్. మనుషుల్ని చంపడం అతని ఇంటిపేరైంది. హాల్లో విజిల్ పడింది. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట వినగానే ఏ జిల్లాల్లో ఏ తల్లులు ఉలిక్కిపడతారో తెలిసిన రాష్ట్రంలోనే ఈ విజిల్.

ఈ సినిమాల్లో తుపాకీలకు ఒక నిచ్చెన ఉంది. హీరో నడుముకు పిస్తోలు. దాన్ని వేలి మీద తిప్పుతాడు, గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడు, దానితో గోక్కుంటాడు, దాన్ని చూపించి రౌడీల చేత పాటలు పాడిస్తాడు. ఒకే మనిషి ఎన్నిసార్లు కాల్చినా ఆరు తూటాల రివాల్వర్ ఖాళీ అవదు. విలన్ మనుషుల చేతుల్లో కత్తులు, గొడ్డళ్ళు, నాటు తుపాకులు. మధ్యలో కానిస్టేబుల్. అతనికి లాఠీ, లేదా పేలని పాత రైఫిలు. దాన్ని తలకిందులుగా పట్టుకుంటాడు, దాని బరువుకు పడిపోతాడు, చప్పుడైతే బల్ల కింద దూరతాడు. అతని పొట్ట, అతని భయం, అతని యాస మనకు నవ్వు. హీరోకు పూర్తి పేరు ఉంటుంది, చాలాసార్లు దాని వెనక కులం తోక కూడా ఉంటుంది. కానిస్టేబుల్‌కు ముద్దుపేరు ఉంటుంది. తూటా తగిలి పడిపోయేవాడికి ఏ పేరూ ఉండదు. ఈ నిచ్చెన ఎక్కడో చూసినట్టు అనిపిస్తే అది మన ఊళ్ళోదే. మెట్లున్న నిచ్చెన గురించి బాబాసాహెబ్ చెప్పింది చదివినవాళ్ళకు దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు.

నిజమైన ఠాణాలో తుపాకీ కథ వేరు. అక్కడ తుపాకీకి నంబరు ఉంటుంది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఎన్ని తూటాలతో తీసుకున్నారు, తిరిగి ఎన్ని అప్పగించారు అన్నది రిజిస్టర్‌లో ఎక్కాలి. గురి సాధనకు వెళ్ళి కాల్చినా ఖాళీ తొడుగులు ఏరి, లెక్కబెట్టి అప్పజెప్పాలి. ఒక తూటా తగ్గితే కింది ఉద్యోగి ఉద్యోగం ఊగిసలాడుతుంది. కాగితం మీద నియమం ఇంత కచ్చితం. ఎందుకంటే ఆ తూటా ప్రజలది. ప్రజల డబ్బుతో కొన్నది. దాన్ని ప్రజల్లో ఒకరి మీద పేల్చితే ప్రజలకు సంజాయిషీ చెప్పాలి. పోలీసు తుపాకీకీ దొంగ తుపాకీకీ ఉన్న తేడా ఖాకీ రంగులో లేదు, ఈ సంజాయిషీలో ఉంది. మన కామెడీ సినిమా మొదట తీసి పారేసేది దీన్నే. హీరో తుపాకీ పేల్చాక రిజిస్టర్ తెరిచే సీను మీరు ఎప్పుడైనా చూశారా? చూసి ఉంటే అది హీరోను ఇబ్బంది పెట్టే అవినీతి అధికారి సీనై ఉంటుంది. లెక్క అడిగినవాడే విలన్.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెడతాను. ‘ఆగడు’ విడుదలైంది 2014 సెప్టెంబర్ 19న. సరిగ్గా నాలుగు రోజులకు, సెప్టెంబర్ 23న, పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పోలీసు ఎన్‌కౌంటర్ల మీద 16 మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. విచారణ సీఐడీయో వేరే ఠాణా పోలీసులో చేయాలి. మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి. కాల్చిన పోలీసులు ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. ఘటన జరిగిన వెంటనే వాళ్ళకు పదోన్నతులు, సాహస పతకాలు ఇవ్వకూడదు. ఒక్కొక్కటీ చదువుతూ పోతే పోలీసు హీరో సినిమా క్లైమాక్స్‌ను ఒక్కో ముక్కగా రద్దు చేస్తున్నట్టు ఉంటుంది. అంతకు అయిదేళ్ళ ముందు, 2009 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్‌ఐఆర్ పెట్టాలని చెప్పింది. దాని వెనక తెలుగు నేల మీద పౌరహక్కుల ఉద్యమం దశాబ్దాల పాటు చేసిన పని ఉంది. కోర్టు తీర్పు నాలుగు పత్రికల్లో లోపలి పేజీకి చేరింది. ఎన్‌కౌంటర్ శంకర్ ఊరూరా గోడలెక్కాడు.

మరుసటి ఏడు ఏప్రిల్ 7. ఒకే రోజు. శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్ళు రాళ్ళతో, కత్తులతో దాడి చేశారని పోలీసుల మాట. అదే రోజు తెలంగాణలో ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే చనిపోయారు. వాళ్ళ చేతులకు బేడీలున్నాయి. తుపాకీ లాక్కోబోయారని పోలీసుల మాట. రెండు తెలుగు రాష్ట్రాలు, ఒక్క పగలు, 25 ప్రాణాలు. కట్టెలు కొట్టే కూలీలు, ముస్లింలు. తుపాకీ గొట్టం ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

2019 డిసెంబర్ 6 మీకు గుర్తుండే ఉంటుంది. మనకు అది బాబాసాహెబ్ పరినిర్వాణ దినం. ఆ తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర, హైదరాబాద్ శివార్లలో ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. పిస్తోళ్ళు లాక్కుని కాల్చబోయారని చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సినిమా వాళ్ళు అభినందనలు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసు కథనం నమ్మదగ్గది కాదని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని ఆ నివేదిక చెప్పింది. ఆ అమ్మాయికి న్యాయం జరగాలి, అందులో రెండో మాట లేదు. కానీ కోర్టులో నిలబడి సాక్ష్యాలతో రుజువయ్యే న్యాయాన్ని ఆ తూటాలు ఆమెకు కూడా లేకుండా చేశాయి. ఆ పూలు చల్లిన చేతులు క్రూరమైనవని నేను అనను. పదేళ్ళుగా తెర మీద చూసి చప్పట్లు కొట్టిన సీను నేల మీద కనిపించేసరికి అవే చేతులు అలవాటుగా లేచాయి.

సినిమా చూసి పోలీసు తుపాకీ పేలుస్తాడని నా వాదన కాదు. ఆ లెక్క తేల్చడం నా వల్ల కాదు, అవసరమూ లేదు. తుపాకీ పేలాక మనం ప్రశ్న అడుగుతామా, విజిల్ వేస్తామా అన్నది మాత్రం సినిమా నేర్పే విషయమే.

‘రౌడీల్ని కాల్చితే మీకెందుకు బాధ’ అని అడిగేవాళ్ళకు చుండూరు గుర్తు చేయాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను ఆధిపత్య కులాలవాళ్ళు నరికి చంపినప్పుడు ఊళ్ళో పోలీసులు ఉన్నారు. వాళ్ళ తుపాకులూ ఉన్నాయి. అవి హంతకుల మీద పేలలేదు. ఆ తర్వాత న్యాయం కోసం దీక్ష చేస్తున్న బాధితుల శిబిరం దగ్గర పేలాయి, ఒక దళిత యువకుడు చనిపోయాడు. తుపాకీ ఉండటం, లేకపోవడం కాదు సమస్య. అది ఎవరికి కాపలా కాస్తుందన్నది సమస్య. దళితవాడను కాపాడటానికి ఆధిపత్య కులాల గుంపుకు ఎదురుగా నిలబడి తుపాకీ ఎత్తిన పోలీసు హీరోను పైన చెప్పిన వరసలో వెతకండి.

తుపాకీ ఎవరి చేతికివ్వాలన్నది ఈ దేశంలో ఎప్పుడూ కులం ప్రశ్నే. 1878 ఆయుధ చట్టంతో బ్రిటిష్‌వాళ్ళు సాధారణ ప్రజల చేతుల్లోంచి ఆయుధాలు లాగేశారు. తర్వాత కొన్నేళ్ళకు ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతంతో సైన్యంలో మహర్ల భర్తీ ఆపేశారు. సుబేదారు కొడుకైన అంబేడ్కర్‌కు ఇది ఇంటి విషయం. 1941లో వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో సభ్యుడిగా ఆయన పట్టుబట్టారు. ఆ ఏడాదే మహర్ రెజిమెంట్ ఏర్పడింది. కానీ ఆయన అడిగింది విచ్చలవిడిగా తుపాకీ పేల్చే హక్కు కాదు. క్రమశిక్షణ, జీతం, హోదా, లెక్క ఉన్న ఉద్యోగం. తుపాకీ పట్టే గౌరవాన్ని అడిగిన మనిషే, స్వతంత్ర దేశంలో రక్తపాత మార్గాలను పక్కన పెట్టాలనీ, రాజకీయాల్లో వీరపూజ నియంతృత్వానికి దారి తీస్తుందనీ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఈ రెండూ కలిపి చదివితేనే ఆయన అర్థమవుతారు.

ఇప్పుడు మా దీవులకు వస్తాను. ఎందుకంటే ఇక్కడ తుపాకీ చరిత్రలో సినిమా మెరుపులేవీ ఉండవు, అది పచ్చిగా కనిపిస్తుంది.

1858 మార్చిలో బ్రిటిష్‌వాళ్ళు 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. ఏడాది తిరిగేసరికి, 1859 మే 17న, గ్రేట్ అండమానీలు తమ నేలను తిరిగి దక్కించుకోవడానికి అబర్డీన్ దగ్గర దాడి చేశారు. వాళ్ళ చేతుల్లో విల్లంబులు, ఎదురుగా తుపాకులు, ఓడ మీది ఫిరంగులు. ఎంతమంది పడిపోయారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. పెట్టాల్సిన అవసరం కాల్చినవాళ్ళకు కనిపించలేదు. ఆ తర్వాత వాళ్ళను ఎక్కువగా చంపింది తూటాలు కాదు, వలస తెచ్చిన రోగాలు. 1877లో వచ్చిన తట్టు ఒక్కటే ఎన్నో గూడేలను ఊడ్చేసింది. వేలల్లో ఉన్నవాళ్ళు 1901 జనగణన నాటికి 625 మంది. 1961 నాటికి 19 మంది. తుపాకీ నేలను ఖాళీ చేయించి దారి వేసింది, మిగతా పని ఆ దారిన వచ్చినవి చేశాయి. ఆ పోరాటానికి ఇప్పుడు ఊళ్ళో ఒక స్మారకం ఉంది. పర్యాటకులు దాని పక్కనుంచే పడవల దగ్గరికి పోతారు.

జారవాల అడవి అంచున బుష్ పోలీసు అనే దళం ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం కొనసాగింది. సెటిలర్ల ఊళ్ళను జారవాల నుంచి కాపాడటం దాని పని. జారవాల బాణాలకు పోలీసులు, సెటిలర్లు చనిపోయారు, పోలీసు తూటాలకు జారవాలు చనిపోయారు. మొదటివాళ్ళ మరణాలు ఫైళ్ళలో ఉన్నాయి. రెండోవాళ్ళు పేర్లు లేకుండా అడవిలోనే మిగిలిపోయారు. ఆ దళంలో పనిచేసినవాళ్ళలో ఛోటానాగపూర్ నుంచి అడవి పనికి తెచ్చిన ఆదివాసులూ ఉన్నారు. దీవుల్లో వాళ్ళను ‘రాంచీలు’ అంటారు. అడవి తెలిసిన ఆదివాసి చేతికి తుపాకీ ఇచ్చి ఇంకో ఆదివాసి వైపు తిప్పారు. ఆ రాంచీలకు ఈనాటికీ దీవుల్లో ఎస్టీ గుర్తింపు లేదు.

జారవాలు 1990ల చివర్లో విల్లు దించి బయటికొచ్చారు. వాళ్ళ అడవి మధ్యలోంచి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఆ తర్వాత జరిగింది ఇంకో రకం ‘కామెడీ’. 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక అబ్జర్వర్ ఒక వీడియో బయటపెట్టింది. తిండి కోసం జారవా ఆడపిల్లలు నాట్యం చేయాలని అడుగుతున్న గొంతు అందులో ఉంది. వాళ్ళను కాపాడాల్సిన పోలీసుకు డబ్బిచ్చి ఇది చేయించారని ఆ పత్రిక రాసింది. అక్కడ తుపాకీ పేలలేదు. ఖాకీ ఉంది, కెమెరా ఉంది, నవ్వు ఉంది. స్టేషన్లో రౌడీల చేత పాటలు పాడించే సీనుకు మనం నవ్వుతాం. అధికారం ఉన్నవాడు లేనివాడి చేత ఆడించడం, పాడించడం మనకు వినోదంగా అలవాటైంది. ఆ వినోదం తెరకే పరిమితం కాదని ఆ రోడ్డు చెప్పింది.

ఇదే దీవుల్లో దానికి పూర్తి విరుద్ధమైన దృశ్యం కూడా ఉంది. 2018 నవంబర్‌లో ఒక అమెరికన్ మతప్రచారకుడు చట్టాన్ని దాటి ఉత్తర సెంటినల్ దీవికి వెళ్ళి చనిపోయాడు. ప్రపంచమంతా అండమాన్ పోలీసు వైపు చూసింది. పోలీసులు పడవలో వెళ్ళారు. ఒడ్డుకు దూరంగా ఆగారు. ఒడ్డున సెంటినలీలు విల్లంబులతో నిలబడి ఉండటం చూసి వెనక్కొచ్చారు. అంతకు ముందు 2006లో కూడా ఆ తీరంలో ఇద్దరు జాలర్లు చనిపోయినప్పుడు, శవాల కోసం వెళ్ళిన హెలికాప్టర్ మీదికి బాణాలు వస్తే అది వెనుదిరిగింది. కాల్పులు జరగలేదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు, ఆ మనుషులకు రోగాలు సోకుతాయన్న తెలివిడి, అన్నిటికన్నా 150 ఏళ్ళ చరిత్ర నేర్పిన సిగ్గు ఆ తుపాకీలను దించి ఉంచాయి. 2018 కేసులో ఆ మనిషిని తీసుకెళ్ళిన జాలర్లు అరెస్టయ్యారు. పేదవాడి మీద చట్టం త్వరగా పనిచేస్తుందన్నది అక్కడా నిజమే. అయినా ఒక పోలీసు దళం చేయగల ఉత్తమమైన పనుల్లో ఆ పడవ వెనక్కి తిప్పడం ఒకటని నేను నమ్ముతాను. ఇదే సీను మన సినిమాలో పెడితే? వెనక్కొచ్చే పోలీసు కమెడియన్ అవుతాడు. హీరో ఒక్కడే ఈదుకుంటూ ఒడ్డుకు పోతాడు.

మా దీవులకూ తెలుగు పోలీసు తుపాకీకీ ఇంకో పాత బంధుత్వం ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఏమేం తీసుకెళ్ళారో స్టేషన్ రికార్డులో రాసి అల్లూరి సంతకం చేసి వెళ్ళాడని మన్యం చరిత్ర చెబుతుంది. తుపాకీ ఎత్తుకుపోయిన తిరుగుబాటుదారు లెక్క రాసి పెట్టాడు. సర్కారు తుపాకీ పట్టిన మన సినిమా హీరోకు ఆ పని రాదు. ఆ తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం ఆదివాసుల్లో కొందరు సెల్యులార్ జైలుకు వచ్చారు. వాళ్ళలో ఒకరు గాం మల్లుదొర. ఏళ్ళ తరబడి ఇక్కడ శిక్ష అనుభవించి బయటపడ్డాడు. 1952లో రాజ్యాంగం కింద జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పోలీసు తుపాకీ లాక్కున్నందుకు కాలాపానీ చూసిన ఆదివాసి, ఓటుతో పార్లమెంటులో కూర్చున్నాడు. నిజమైన హీరో కథ అది. దాన్ని సినిమావాళ్ళు ఏం చేశారు? 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ అల్లూరిని బ్రిటిష్ పోలీసు అధికారిగా మార్చింది. చరిత్రలో ఆయన పోలీసు కాదు. తుపాకులు తెచ్చి పంచే పని రాముడిది. ఆదివాసి భీముడు చివర్లో చదువు చెప్పమని రాముణ్ణి అడుగుతాడు. తుపాకీ, అక్షరం రెండూ పై చేయి నుంచే కిందికి రావాలి. మల్లుదొరలు తెలిసిన నేల మీద ఈ కథ చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

లెక్క గురించే మాట్లాడుతున్నాను కాబట్టి మా సొంత లెక్క కూడా చెప్పాలి. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల పట్టికే లేదు. 1959 ఉత్తర్వుతో ఆరు తెగల ఎస్టీ పట్టిక ఉంది. ఎస్సీ పట్టిక లేదు. అందుకే 2011 జనగణనలో ఇక్కడ ఎస్సీ జనాభా సున్నా. మా తాత విశాఖలో ఓడ ఎక్కినప్పుడు మాల. దిగినప్పుడూ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు మాలే. ప్రభుత్వ పట్టికలో మాత్రం కాడు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులుగా ఇక్కడ స్థిరపడ్డ నామశూద్ర కుటుంబాలదీ ఇదే గతి. ఒక రాష్ట్రం పట్టికలోని గుర్తింపు ఇంకో రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ గుర్తింపు ఉండి, బొంబాయిలో వైద్యవిద్య సీటు అడిగిన ఒక తెలుగు విద్యార్థే, మర్రి చంద్రశేఖరరావు.

దీనికీ సినిమా తుపాకీకీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. పట్టికలో లేనివాడు ఠాణాకు వెళ్తే తన మీద జరిగింది కులం దాడి అని రాయించుకోవడమే కష్టం. అతని బాధకు పేజీ ఉండదు. తెర మీద తూటా తగిలి పడిపోయే పేరులేని మనిషికీ పేజీ ఉండదు. అబర్డీన్‌లో పడిపోయిన అండమానీకీ లేదు, అడవి అంచున పడిపోయిన జారవాకూ లేదు. ఒక ప్రాణానికి సంజాయిషీ చెప్పాలంటే ముందు ఆ ప్రాణం లెక్కలో ఉండాలి. ఎవరి మరణానికి విచారణ అక్కర్లేదో వాళ్ళ మరణమే జోకుగా మారుతుంది. నవ్వు అమాయకమైంది కాదు, లెక్కలో లేనివాణ్ణి చూసుకునే అది వస్తుంది.

ఇప్పుడు ఎదురయ్యే మాట నాకు తెలుసు. ‘అలాగైతే ఈ సినిమాలు నిషేధించాలా?’ అక్కర్లేదు. సెన్సార్ కత్తెర చేతికిస్తే అది మొదట కోసేది మన సినిమాలనే. తెర మీద సిగరెట్ కాలితే హెచ్చరిక వేయమనే ప్రభుత్వం, చేతులు కట్టేసిన మనిషిని కాల్చినప్పుడు ఒక్క అక్షరమూ వేయమనదు. ఆ తేడాను ఎత్తి చూపాలే గానీ ఇంకో హెచ్చరిక అతికించినంత మాత్రాన ఏమీ మారదు. ‘సీరియస్ సినిమాలు ఉన్నాయి కదా’ అనేవాళ్ళూ ఉన్నారు. ఉన్నాయి. గుంటూరు లాకప్‌లో తమిళ కూలీలను హింసించడం చూపిన ‘విసారణై’, ఇరులర్ల మీద పోలీసు హింసను చూపిన ‘జై భీమ్’ రెండూ తమిళం నుంచే వచ్చాయి. మన పోలీసు గురించి నిజం చెప్పడానికి పక్క భాష కావలసి వచ్చింది. అదీగాక ఆ సినిమాలను ఒకసారి చూసి, బాధపడి, పక్కన పెడతాం. కామెడీని మాత్రం పండక్కి ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్ళీ చూస్తాం.

అందుకే కామెడీనే చదవాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులకు నేను చెప్పేది చిన్న పని. ఒక పోలీసు కామెడీ సినిమా పెట్టుకోండి. పక్కన ఒక నోటుపుస్తకం తెరిచి ఠాణా రిజిస్టర్‌లాగా గీతలు గీయండి. తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఎన్ని తూటాలు పేలాయి, ఎవరి మీద పేలాయి, అతని పేరేమిటి, అతను అప్పటికే చేతికి చిక్కాడా లేదా, తర్వాత ఎవరైనా ప్రశ్న అడిగారా, అడిగినవాడికి సినిమా ఏ పాత్ర ఇచ్చింది. చివరి గడిలో హాలు ఎక్కడ నవ్విందో రాయండి. సినిమా అయిపోయాక ఆ పట్టిక పక్కన సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు పెట్టి చదవండి. ‘పేరు’ అన్న గడి ఎన్నిచోట్ల ఖాళీగా ఉందో చూడండి. సమీక్షలు రాసేవాళ్ళు హీరో ఎంట్రీకి ఎన్ని విజిళ్ళు పడ్డాయో రాస్తారు. మనం ఆ ఖాళీ గడుల గురించి రాద్దాం. ఇది సినిమా అధ్యయన విభాగాల పని మాత్రమే కాదు, చట్టం చదివేవాళ్ళదీ, సామాజిక శాస్త్రాలు చదివేవాళ్ళదీ, మొత్తంగా రాజ్యాంగాన్ని చదివేవాళ్ళందరిదీ.

రాజ్యాంగం 21వ అధికరణలో ‘ఏ వ్యక్తి’ అని ఉంది. ఏ హీరో అని లేదు, ఏ మంచివాడు అని లేదు. నేరస్థుడూ వ్యక్తే, కట్టెలు కొట్టే కూలీ కూడా వ్యక్తే, సెంటినల్ తీరాన విల్లు పట్టుకున్నవాడూ వ్యక్తే, ఎస్సీ పట్టికలో చోటు లేని మా దీవుల తెలుగు మాలవాడూ వ్యక్తే. ఆ మాటను సీరియస్‌గా తీసుకున్న దేశంలో పోలీసు తుపాకీ మీద జోకులు వేయకూడదని కాదు. వేయవచ్చు. ఆ జోకు తుపాకీ పట్టుకున్నవాడి మీద వేయాలి. ఆరు తూటాలు తీసుకెళ్ళి పదహారు పేల్చి వచ్చిన హీరోను కూర్చోబెట్టి, మిగతా పది ఎక్కడివని రైటర్ కానిస్టేబుల్ రిజిస్టర్ తెరిచి అడిగే కామెడీ సినిమా ఒకటి రావాలి. ఆ కానిస్టేబుల్‌కు పూర్తి పేరు ఉండాలి. ఆ రోజు మొదటి విజిల్ నేనే వేస్తాను.